ముత్యాలన్న బండి మీద రాసిన మాట

ముత్యాలన్న భార్య మాసమ్మక్కకు, ఆయనతో కలిసి బండ్లు నడిపిన డ్రైవరన్నలకు, అశోక్ నగర్ హాస్టళ్ల నుంచి పుస్తకాలు మూసి వచ్చిన మిత్రులకు నమస్కారం. చిక్కడపల్లిలోని ఈ చిన్న హాలు చాలక చాలామంది మెట్ల మీద నిలబడ్డారు. బతికున్నప్పుడు ఆయన మాట వినడానికి మనలో పదిమందైనా రాలేదు. ఆ సిగ్గుతోనే మొదలుపెడుతున్నాను.

నా పేరు జ్యోత్స్న. నాలుగేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నాను. ముత్యాలన్న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలికి వచ్చి ట్యాంకర్ డ్రైవరైన మనిషి. మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో నీళ్లు నింపుకొని కట్టడాలకు, పార్కులకు పోసేవాడు. బండి వెనక తన చేత్తోనే రాసుకున్నాడు: "శుద్ధి చేసిన మురుగునీరు. తాగరాదు."

ఆ అక్షరాలు చూసి ఎంతమంది ఆయన్ని వెనక్కి పంపారో తెలుసా? పెద్ద కట్టడాలకు ఈ నీళ్లే వాడాలని ఉత్తర్వు ఉంది. ఉంటే ఏం? నారాయణగూడలో ఒక బిల్డరు, ఈ నీళ్లతో ఇల్లు కడితే అరిష్టమన్నాడు. బోరు వేసి, తాగాల్సిన నీళ్లు తోడి గోడలు తడిపాడు. తోటి డ్రైవర్లు అక్షరాలు చెరిపేయమన్నారు. ముత్యాలన్నది ఒకటే మాట: "వాసన నీళ్లల్ల లేదు, పేరుల ఉన్నది. ఇయ్యాల పేరు దాస్తే రేపు ఈ నీళ్లను ఎవ్వరు నమ్మరు."

పోయిన ఎండాకాలం మా హాస్టల్‌లో మూడు రోజులు చుక్క నీళ్లు లేవు. ఆయన బండి గల్లీలోకి రాగానే అడ్డంగా కూర్చున్నాం. సంపులో పొయ్యమన్నాం. "ఇవి చెట్లకు పనికొస్తయి, గోడలకు పనికొస్తయి. మీ కడుపులకు కాదు బిడ్డా" అన్నాడు. మేం వినలేదు. రాయి పడింది. అద్దం పగిలి ఆయన నుదురు చిట్లింది.

మిత్రులారా, ఆ రాయి విసిరింది నేను.

ఆయన పోలీసులను పిలవలేదు. నుదుటికి రుమాలు ఒత్తిపట్టుకొని, తాగునీళ్ల ట్యాంకర్ నడిపే స్నేహితుడికి ఫోన్ చేశాడు. "పిల్లలు పరేషాన్ల ఉన్నరు, జర జల్ది రా" అన్నాడు. ఆ బండి వచ్చి మా సంపు నిండేదాకా ఆయన అక్కడినుంచి కదలలేదు.

ఆ తర్వాత నెలలోనే కాంట్రాక్టరు ఆయనకు కొత్త పని చెప్పాడు. పొద్దున ఈ నీళ్లు, సాయంత్రం అదే ట్యాంకర్‌లో హాస్టళ్లకు తాగునీళ్లు. ముత్యాలన్న చెయ్యనన్నాడు. బండి లాక్కున్నారు. పది నెలలు దరఖాస్తు పట్టుకొని తిరిగాడు. ఏమడిగాడు? ఉద్యోగం అడిగాడా? లేదు. ఈ నీళ్ల బండ్లు వేరుగా, తాగునీళ్ల బండ్లు వేరుగా ఉంచమని అడిగాడు. నీళ్లు మావే గానీ బండ్లు మావి కావంది ఒక ఆఫీసు. బండ్లు మావే గానీ నీళ్లతో మాకేం పనంది ఇంకో ఆఫీసు. పోయిన మంగళవారం ఆ రెండో ఆఫీసులో, మూడో అంతస్తు మెట్ల మీద కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది.

నిన్న సాయంత్రం ఆయన బండి మా గల్లీకి వచ్చింది. తాగునీళ్లట! వెనక అక్షరాల మీద పచ్చరంగు కొట్టి ఉంది. ఈసారి మేం రాయి ఎత్తలేదు. తాళంచెవి తీసుకున్నాం. బండి ఈ హాలు బయటే ఉంది. దానికోసమే కాంట్రాక్టరు గారు దండ పట్టుకొని వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు.

లేవకండి సార్, కూర్చోండి. మిమ్మల్ని ఎవరూ ముట్టుకోరు. డ్రైవరన్నలారా, చేతులు దించండి! నెత్తురు కారుతున్నా ఆయన మా మీద చెయ్యెత్తలేదు. అధికారులు వచ్చి ఆ నీళ్లు పరీక్షించేదాకా బండి మాత్రం కదలదు.

ఆయన దరఖాస్తు ఈ బల్ల మీద ఉంది. కింద ఒక్కటే సంతకం. సభ అయ్యాక మీ పేర్లు కూడా రాయండి. రేపు పదింటికి ఆ మూడో అంతస్తుకు అందరం కలిసి ఎక్కుదాం.

ఇక నేను చెప్పేదేమీ లేదు. మాసమ్మక్క అప్పుడే లేచి నిలబడింది. అక్కతో పాటు మనమూ లేచి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. సార్, మీరు కూడా.