గింజ చెప్పినప్పుడు

కళ్యాణదుర్గంలో కొత్తగా తెరిచిన చిన్న కాఫీ అంగడి అది. యజమానురాలు గింజలు వేయించే యంత్రం ముందు నిలబడి ఉంది. అంగడికి ఎదురుగా బండి మీద వేరుశెనక్కాయలు వేయించి అమ్మే ముసలాయన లోపలికి వచ్చాడు.

"ఏం పాపా, దినామూ మాడిన వాసన వస్తాండాది?"

"తెచ్చిన గింజల్లో ముప్పావు వంతు మాడబెట్టినా తాతా. మిగిలింది ఈ వాయే. ఇదీ మాడితే అంగడి మూసేయాల్సిందే."

"ఎట్ల వేయిస్తాండావు?"

"మిషన్‌తో వచ్చిన కాగితంలో పద్నాలుగు నిమిషాలని రాసినారు. గడియారం చూసే వేయిస్తాండా."

"గడియారానికేం తెలుస్తాది? నలభై ఏండ్లు చెనిక్కాయలు వేయించినా, ఒక్కనాడు టైము చూళ్ళేదు. ఆ ఫ్యాను ఆపు. ఆ పాట గూడా ఆపు. ఇప్పుడు విను!"

"ఏం వినాల తాతా?"

"గింజే చెప్తాది. అద్దో! చిటపటమంటాండాది!"

"అవును! దించేయనా?"

"తొందరపడొద్దు! ఆ చప్పుడు తగ్గనీ... ఇంకొంచెం తగ్గనీ... ఆఁ, ఇంగ దించు! దించు పాపా!"

"దించినా! అబ్బా, రంగు చూడు తాతా! ఒక్క గింజ మాడలేదు!"

"చూస్తా నిలబడితే ఎట్ల? చేటలో పోసి ఎగరెయ్యి. లోపలి వేడికి ఇంకా మాడతాయి."

"ఎగరేస్తాండా! ఉండు, మొదటి కప్పు నీకే... తాగు తాతా. ఎట్లుండాది?"

"బాగుండాదనుకుంటా."

"అనుకుంటా అంటావేంది? ఇంత తెలిసినోడివి!"

"వేయించేది తెలుసు గానీ, కాఫీ తాగింది నా జన్మలో ఇదే మొదలు పాపా. ఇంగో కప్పు పొయ్యి, సరిగ్గా చెప్తా."