సున్నా చూపించిన మీటరు

బల్బు మార్చబోయి ఇల్లంతా చీకటి చేసిన ఘనుణ్ణి నేను. కరెంటు సంగతుల్లో నా తీర్పుకి విలువ లేదు. అందుకే ఆ రోజు కాలవ ఒడ్డు చాయ్‌ఖానాలో తుర్సున్‌బాయ్ అన్న చెప్పిందంతా నమ్మాను.

ఊరి పంపు మోటారు కాలిపోయి కొత్తది వచ్చింది. ఖర్బూజాలు పిందె మీద ఉన్నాయి. పంపుగది తాళంచెవి మళ్లీ అన్నకే ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి, దాన్ని రొట్టెల పక్కన పెట్టుకుని కూర్చున్నాం. టీ పోసే ఇక్రోమ్ అన్నకి గిన్నెలో సగమే పోశాడు. సగమంటే గౌరవం, ఇంకాసేపు కూర్చోమని. అంచుదాకా పోస్తే తాగి లేవమని.

"నన్నా మీరు అనుమానించేది!" అన్న మండిపడ్డాడు. పటకారులా నోరు తెరిచి తీగని కరుచుకునే తన క్లాంప్ మీటరు తీసి చూపించాడు. "నేను చేసింది చిన్న పని. తీగ ఒలవకుండా కరెంటు కొలిచా, అంతే! మోటారుకి మూడు తీగలు. దేంట్లో ఎంత పోతోందో చూసుకుంటూ నడపాల్సిన ఆ కంట్రోలర్ పెట్టె ఏం చేసింది? ఒక తీగలో ఎక్కువైందంటూ మాటిమాటికీ ఎర్ర లైటు వెలిగించి మోటారు ఆపేసింది. నిన్నగాక మొన్నొచ్చిన డబ్బా, నాకు చెప్పడమా? నా మీటరు సంగతి తెలుసా మీకు? తీగ మీద చీమ నడిస్తే ముల్లు కదులుతుంది. చీమేంటి, కోకాండ్‌లో తీగ మీద పిచ్చుక వాలితే ఆడదో మగదో ఇక్కణ్ణుంచే చెప్తా!"

"ఆడదైతే ఎంత చూపిస్తుందన్నా?" అన్నాడు ఇక్రోమ్.

"నువ్వు టీ సంగతి చూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోటారు గిర్రున తిరుగుతుంటే మీటరు పెట్టా. సున్నా!"

"సున్నాకి మోటారు తిరుగుతుందా?" అన్నాడు సోత్వోల్ది. కాలవ చివరి మడి అతనిదే; నీళ్లు ఆగితే ముందు ఎండేదీ అదే.

"నేను పక్కనుంటే తిరగదూ? భయపడి తిరిగింది! పైగా అదే కరెంటు ఎదురు పంపడం మొదలెట్టింది. తాష్కెంటులో మెట్రో రైలు ఆగాల్సిన చోట ఆగక దూసుకుపోతుంటే, డ్రైవరు ఫోన్ చేసి 'అన్నా, కాస్త తగ్గించు' అని ఏడ్చాడు. సిర్ దర్యా నది వెనక్కి తిరిగి కొండెక్కింది, చేపలు నన్ను తిట్టుకుంటూ పోయాయి! అంతటి సున్నా చూశాక ఎర్ర లైటు మాట ఎవడు వింటాడు? ఆ పెట్టె మోటారుని ఆపకుండా దాని తీగ పీకేశా. మర్నాడు మోటారు కాలితే నన్నంటారా? సున్నాకి కాలుతుందా ఏ మోటారైనా? ఇంత అన్యాయమా!"

నిజమే కదా అనిపించి నేను తల ఊపాను.

"మూడు తీగల్లో ఏది పట్టావన్నా?" అన్నాడు ఇక్రోమ్.

"ఏదేంటి? మూడూ కలిపి ఒకే పట్టు! ఒక్కొక్కటీ పట్టుకు కూర్చోవడానికి నేనేం కొత్తవాణ్ణా?"

"అయితే ఈ సమోవర్ తీగ కూడా ఓసారి కొలువు."

టీ నీళ్లు కాచే ఆ కరెంటు సమోవర్ మూత ఎగిరిపడేలా మరుగుతోంది. అన్న దర్జాగా తీగని కరిపించాడు. అందరం వంగి చూశాం. సున్నా.

"చూశారా!" అన్న అరిచాడు. "ఇదీ నాకు భయపడింది!"

"ఆ తొడుగులో రెండు తీగలున్నాయన్నా. ఒకదాంట్లో వెళ్లింది రెండోదాంట్లో తిరిగొస్తుంది. కలిపి పడితే రెండూ కొట్టేసుకుని సున్నాయే మిగులుతుంది. నీ మూడు తీగలూ అంతే. విడివిడిగా పట్టుంటే ఆ పెట్టె ఎందుకు మొత్తుకుందో తెలిసేది."

సోత్వోల్ది తాళంచెవిని ఇక్రోమ్ ముందుకి జరిపాడు. ఇక్రోమ్ దాన్ని జేబులో వేసుకుని, మర్యాదగా గుండె మీద చెయ్యి పెట్టుకుని, అన్నకి గిన్నె అందించాడు.

"సున్నా కరెంటు టీ అన్నా. చల్లగానే ఉంటుంది, గటగటా తాగెయ్."

అంచుదాకా ఉంది. అన్న సాయం కోసం నా వైపు చూశాడు. నేనేం చెయ్యను, తల ఊపినవాణ్ణి! నా గిన్నె కూడా పొర్లిపోతోంది.