కుడికాలు సంగతి

తిఫ్రా వంతెన దిగగానే కారు పక్కకు ఆగింది. నడిపినవాడు కొనడానికి వచ్చిన మందుల వ్యాపారి. పక్కన కూర్చున్నది కారు సొంతదారు, రిటైరైన లోకో పైలట్.

“కుదుపే లేదు మావయ్యా. కానీ ఈ సీవీటీ ఆటోమేటిక్‌లో గేర్ల బదులు బెల్టే కదా, అది అరిగితే మొత్తం గేర్‌బాక్సే మార్చాలంటన్నారు. రోజూ కోర్బా వెళ్ళిరావాలి, నా ఎడమ మోకాలు క్లచ్ తొక్కనీదు. ఇంకో లక్ష కిలోమీటర్లు లాగుతాదా?”

“లక్షా ముప్పై వేలు తిరిగింది. నలభై వేలకోసారి గేరాయిల్ మార్చేను. డ్యూటీలో రాసినట్టే డైరీ రాసేను, చూడు.”

“అచ్ఛా, ఆ ఆయిలు జీవితాంతం ఉంటాదని షోరూములో అమ్మేవోళ్ళు చెప్పేరే.”

“ఎవరి జీవితాంతమో అడిగేవేటి?”

“అడగలేదు. సరే, ఖాయం చేసుకుందాం.”

“ఆగు బాబూ. వంతెన ఎక్కినప్పుడు యాక్సిలరేటర్ ఎంత తొక్కేవు?”

“నేలదాకా.”

“గూడ్సు బండిని అలా లాగితే మాకు మెమో ఇచ్చీవోరు. బెల్టు జారి అరిగేది అలాగే. నీకివ్వను.”

“మోకాలికోసం వచ్చేను మావయ్యా.”

“ఎడమ మోకాలికి నీ కొట్లోనే మందుంది. రేపు ఈ కారులోనే కోర్బాకి నేనూ వస్తాను, ముందు ఆ కుడికాలు సంగతి చూద్దాం.”