పిచ్చిరాజు మరిచిన మాట

నాటకంలో రాజుకి పిచ్చెక్కే రంగం నడుస్తోంది. రాజు వేషంలో ఉన్న బాబాయి మాట మరిచిపోయి, తూలుతున్నట్టు నటిస్తూ పక్కతెర దగ్గరికి వచ్చాడు. తెర వెనక మాటలు అందించే అన్నకూతురు పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"తర్వాతేంటే?"

"రాణి వేషం నాకిస్తానని చెప్పి ఎవరికిచ్చారు బాబాయ్?"

"ఇప్పుడా అడిగేది? జనం చూస్తున్నారే తల్లీ!"

"చూడనీయండి. రాజు తెరతో మాట్లాడుతున్నాడని మురిసిపోతున్నారు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంటోంది."

"ఆరేళ్ళు నమ్మకంగా ఉండి, నిండు సభలో నా పరువు తీస్తావా?"

"నేను నమ్మకంగా ఉండబట్టే కదా, మీరు ఈ రంగంలో ఒక్క ముక్క కూడా నేర్చుకోలేదు!"

"సరే, రేపట్నుంచి నువ్వే రాణివి. చెప్పు!"

"నాకు కాదు, వాళ్ళకి చెప్పండి. గట్టిగా."

రాజు జనం వైపు తిరిగి చేతులు చాచాడు.

"రేపట్నుంచి నా అన్నకూతురే రాణి!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

"ఇకనైనా అందించవే, నీకు పుణ్యముంటుంది."

ఆమె నింపాదిగా పుస్తకం తెరిచింది.

"'నమ్మినవాళ్ళనే మోసం చేశాను.' అదీ బాబాయ్ తర్వాతి మాట. కాస్త ఏడుస్తూ చెప్పండి."