కొట్టేటప్పుడు అక్కడుండని మనిషి

ఆ కుర్చీ ఇటు లాక్కో అమ్మాయ్, కుడి చెవి పనిచెయ్యదు నాకు. ఏంటీ, మీ తాత గోల్ఫ్ ఎలా ఆడేవాడనా? నువ్వూ మొదలుపెట్టావటగా, మీ నాన్న చెప్పాడులే. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు వాడు. బావమరిది బతకగోరతాడంటారు చూడూ, నిజంగానే కోరాడు. నా సంగతంటావా... వస్తా, వస్తా, అక్కడికే వస్తా. గడియారాలు బాగుచేసేవాడా, గోల్ఫ్ క్లబ్బులో గోడ గడియారం ఆగిపోతే నేనే వాణ్ణి తీసుకెళ్ళాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే! వీడు దాన్ని బాగుచేసి, కూలి వద్దు, పొద్దునపూట కాసేపు ఆడుకోనివ్వండి చాలన్నాడు. నేనేమో సర్వేయర్ని. మోకాలు ఎంత వంగాలి, మోచెయ్యి ఎంత సాగాలి, గాలి ఎటు, అన్నీ కొలతలే. రెండేళ్ళు మాస్టార్ని పెట్టుకుని నేర్చుకున్నా. కొడితే బంతి పొదల్లోకి! వాడు బస్సు కోసం నుంచున్నట్టు నుంచుని, ఏదో కూనిరాగం తీస్తూ, అలా చెయ్యి ఊపేవాడు. అంతే, బంతి వెళ్ళి గుంత పక్కన కూచునేది. "ఏం చేశావురా?" అంటే, "ఏమో బావా, కొట్టేటప్పుడు నేనక్కడ ఉండను" అనేవాడు. ఉండడట! ఒళ్ళు మండిపోయేది. కుళ్ళు అనుకుంటున్నావా? అవును, కుళ్ళే. బంతి గురించి కాదమ్మా, ఆ మొహం గురించి. ఆటయ్యాక స్నానం చేయించిన పసిపిల్లాడిలా ఉండేవాడు. నాకు నిద్రలో కూడా అంత నిమ్మళం లేదు. పైగా మా ఆవిడ, "మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి కాస్త" అనేది. పుండు మీద కారం.

ఓ ఏడాది పోటీలో ఆఖరాట మా ఇద్దరికే పడింది. ఇంకా మూడు గుంతలుండగా వాడే ముందున్నాడు. అప్పుడన్నాను, గొంతులో తేనె పోసుకుని, "ఒరే, కొట్టేముందు ఎడం బొటనవేలు భలే తిప్పుతావురా, కావాలనేనా?" అని. "తిప్పుతానా?" అని చెయ్యి చూసుకున్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు, పిచ్చివాడు. ఆ బంతి నీళ్ళల్లో పడింది. తర్వాతదీ అంతే. కప్పు నాకొచ్చింది. అదిగో, అందులో మందుల సీసాలు పెట్టుకున్నాను చూడు, అదే.

ఆ ఒక్కరోజే అనుకున్నా, ఒట్టు. కాదే! మర్నాణ్ణుంచీ బంతి ముందు నిలబడితే వేలు చూసుకోవడం, ఆనక భుజం, ఆనక కాలు. కూనిరాగం కూడా పోయింది. ఆర్నెల్లు తంటాలు పడి, ఓ సాయంత్రం ఇదే గదిలోకొచ్చి, "బావా, ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నావుగా. నేనిదివరకు ఎలా కొట్టేవాణ్ణో చెప్పవా? నాకు తెలీదు" అన్నాడు. నాకు తెలుసమ్మా! కుళ్ళుతో చూసేవాడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? ఊపిరి ఎక్కడ వదిలేవాడో, మడమ ఎప్పుడు లేచేదో, ఏ రాగమో, అన్నీ. లేచి చూపిస్తే రెండు నిమిషాల పని. "నీ ఆట నేనెప్పుడు చూశాన్రా, నా ఆటతోనే సరిపోయె" అన్నాను. "అవున్లే బావా, నీ ఆట నీది" అని నా భుజం తట్టి వెళ్ళాడు. మళ్ళీ కర్ర ముట్టుకోలేదు.

పోయేరోజు కూడా నా చెయ్యి పట్టుకునే పోయాడు. ఇసుమంత అనుమానం లేదు మొహంలో. చూస్తూ కూచున్నాను. అప్పుడూ కుళ్ళే నాకు, ఏం చెప్పను... ఇంతకీ మీ నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?