ధర్మవరంలోనే పుట్టినోడు

2001 జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ గడప దగ్గర కూర్చుంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తున్న ఇంటాయన కళ్లు మాత్రం ఎదురింటి కొత్త మిద్దె మీదే ఉన్నాయి.

"యాడ పుట్టినావన్నా?"

"ఈ ఇంట్లోనే."

"ఇంకో ఊర్లో ఉండినావా?"

"లేదు."

"అయితే వలస ప్రశ్నలు నీకు లేవు" అని ఆమె ఆ గడుల్లో గీత కొట్టింది.

"ఎదురింటి ఓబుళేసును శానాసేపు అడిగితివే?"

"ఆయప్ప ముదిగుబ్బ నుంచి వచ్చినాడు కదన్నా. ఎప్పుడొచ్చె, ఎందుకొచ్చె, అన్నీ రాయాల. జనం యాడ్నుంచి యాడికి పోతాండారో వాటితోనే లెక్క తీస్తారు."

"చేతిసంచితో మా ఇంటికొచ్చినోడు. నేత నేర్పింది మా నాయన. వానికి అన్ని ప్రశ్నలు, నాకు గీతనా?"

"మీ ఇంట్లోనూ ఒకరుండారులే. వదిన పెనుకొండ నుంచి వచ్చింది. కారణం పెండ్లి."

"దానికీ రాస్తివా!"

"రూలన్నా."

ఆయన మగ్గం ఆపేశాడు.

"పోయినోన్ని ఎందుకు పోయినావంటారు. పోనోన్ని ఎందుకు పోలేదని అడగరా?"

"ఆ ప్రశ్న లేదన్నా."

"నువ్వన్నా అడుగమ్మా."

ఆమె నవ్వి పెన్ను మూసింది. "సరే, ఎందుకు పోలేదన్నా?"

"అప్పట్లో హిందూపురం మిల్లులో పని దొరికింది. నేను పోతే మా నాయన నా మగ్గంలో ఆ ఓబుళేసును కూచోబెడతాడని పోలేదు."