కొవ్వొత్తుల సభ

హలో… ఆ, నేనే అక్కా, చెప్పు.

… లేదు, ఖాళీగానే ఉన్నా. మెట్ల మీద కూర్చుని అంచులకి పసుప్పచ్చ టేపు అంటిస్తున్నా. పెద్దోడికి మెట్టెక్కడ అయిపోయిందో తెలియాలిగా. … పగలే. ఈమధ్య పగలు కూడా కాళ్ళ దగ్గరున్నది కనబడట్లేదు వాడికి.

… మోకాలా? చెక్కుకుపోయింది, అంతే. స్టేజీ మీంచి కిందపడితే ఆ మాత్రం చెక్కుకుపోదా. … అడిగినందుకు సంతోషం. అడగడానికి మధ్యాహ్నం దాకా తీరిక దొరకలేదు, అయినా సంతోషమే.

… ఎవరికి? డాక్టరుగారికా?

… ఆగాగు, సరిగా విననీ. నువ్వు పెట్టిన సభలో నా కొడుకు బోర్లాపడ్డాడు. నేనెళ్ళి డాక్టరుగారికి సారీ చెప్పాలి. … ఓహో. ఆయన మాట్లాడుతుంటే లైట్లు వేసినందుకు.

… వేశాను. ఒక్కటి కాదు, గోడమీదున్న స్విచ్చులన్నీ వేశాను. ఫ్యాన్లు కూడా తిరిగాయి, నీ కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. … నవ్వట్లేదు. నవ్వొస్తే దాచుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసుగా.

అక్కా, నువ్వు ఈ సంఘానికి అధ్యక్షురాలివి. పుట్టుకతో వినికిడి లేక, పెరిగేకొద్దీ చూపు కూడా పోయే పిల్లల కుటుంబాలకి ఉన్నది మన సంఘమొక్కటే. ఈ జబ్బులో చూపు మొదట ఎక్కడ పోతుందో మైకు పట్టుకుని నువ్వే చెప్తుంటావు. … ఆ. చీకట్లో. చీకటిపడితే గోడకీ మనిషికీ తేడా తెలియదు వాళ్ళకి. పైగా గోలలో చెవి మిషన్లు పనికిరావు, పెదాలు చూసి మాట పట్టుకోవాలి. అలాంటి పిల్లలందర్నీ పిలిచి, ముందు వరసల్లో కూర్చోబెట్టి, లైట్లు ఆర్పేశావు.

… అందంగా ఉంటుందని. … ఉంది. ఎవరు కాదన్నారు. ఫొటోలు నేనూ చూశాను. నీ చీర జరీ ఒక్కొక్క పోగూ కనబడుతోంది.

… అదే అంటున్నా, ఎవరికీ తట్టలేదు. నీకు తట్టలేదు. పట్టు కండువా వేసుకుని కూర్చున్న బావగారికి తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఇవే కళ్ళు పరిశోధిస్తున్న డాక్టరుగారికైనా తట్టలేదు. ఆయనకి కళ్ళు గాజు పలక మీద పెట్టి ఇస్తే తెలుస్తాయి, మనిషి మొహంలో ఉంటే గుర్తుపట్టలేడు పాపం.

… చాల్లే, నేను పొగరుగా మాట్లాడటం కొత్తా.

… అతిథులా? అదీ చూశాను. కళ్ళకి నల్లగుడ్డ కట్టారు, చెవుల్లో దూది కుక్కారు. అనుభవమట. పాట ఒకటి అయ్యేంతసేపు కూర్చుని, గుడ్డ విప్పేసి, అయ్యో అయ్యో అనుకుంటూ ఐస్‌క్రీమ్ దగ్గరికి పరిగెత్తారు. నా పక్కనున్నావిడ ఏమందో తెలుసా. "భలే ప్రశాంతంగా ఉందండీ" అంది. … ఒట్టు. ప్రశాంతంగా ఉందట.

… తెలుసు, వాళ్ళు సాయం చేసేవాళ్ళని. చెయ్యనీ. దానికి నా కొడుకు మొహంలోకి ఆ ఫోకస్ లైటు ఎందుకు కొట్టాలి? చుట్టూ చీకటి, కళ్ళలో లైటు. వాడికి మైకు కనబడలేదు, మెట్టు కనబడలేదు. కింద నిలబడి నేను చేతులు ఊపుతుంటే నేనూ కనబడలేదు. పడ్డాడు. పడితే ఏం చేశారు మీవాళ్ళు? చప్పట్లు కొట్టారు. … కాదు కాదు, ప్రోత్సాహం. నాకు తెలియక చప్పట్లనుకున్నాను. వాణ్ణి లేపకముందే డాక్టరుగారు మైకందుకున్నారు, అప్పుడు వేశాను లైట్లు.

… పెద్దోడేం అన్నాడా? ఇంటికొచ్చి సబ్బుతో మోకాలు కడుక్కుంటూ, "అమ్మా, నేను సగం చెప్పిన ఉపన్యాసం బాగుందా" అని అడిగాడు. పంతొమ్మిదేళ్ళొచ్చాయి, వాడికున్న సిగ్గు మీలో ఒక్కరికి లేదు.

… ఊఁ. … ఊఁ. … ఇప్పుడొచ్చావు అసలు విషయానికి. నేను సారీ చెప్పకపోతే డాక్టరుగారి కొత్త మందు ప్రయోగంలోంచి వాడి పేరు తీసేస్తారు. … ఆయన అలా అనలేదు, నీకు అనిపించింది. సరే.

అక్కా, వాడి పేరు లేదు.

… లేదంటే లేదు. పొద్దున్నే ఆ డాక్టరే ఫోన్ చేశాడు. నిన్న వాణ్ణి స్టేజీ ఎక్కించి "మన ఆశాకిరణం" అన్నప్పటికే తెలుసట. పోయిన నెల తీసిన స్కాన్లు చూశారట. కంటి వెనక పనికొచ్చే పొర మిగల్లేదంది వాళ్ళ కమిటీ. ఆ మందు ఉన్న చూపు నిలబెట్టడానికేగానీ, పోయింది తేవడానికి కాదు. … సభ పాడవకూడదని నిన్న చెప్పలేదట. చూశావా, ఎంత సున్నితమైన మనిషో.

… నేనేం అంటాను. "మంచిదండీ" అన్నాను. పెట్టేసి, వచ్చి టేపు అంటిస్తున్నా.

… వద్దు. జాలి పడకు, నీకు నప్పదు. … వాడికింకా చెప్పలేదు. సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాక చెప్తాం. లైటు కింద కూర్చుని, నెమ్మదిగా, పెదాలు కనబడేలా.

… కాదు, ఇంకోటి ఉంది. పెట్టెయ్యకు. దీనికోసం నేనే నీకు ఫోన్ చేద్దామనుకున్నా. ఎలా చెప్పాలో తెలియక ఒకే మెట్టుకి రెండుసార్లు టేపు వేశాను.

నిన్న లైట్లు ఆర్పినప్పుడు బుజ్జి ఎక్కడుంది?

… నీ కూతురే. బుజ్జంటే ఇంకెవరు. … ఐస్‌క్రీమ్ దగ్గర లేదు. మిగతా పిల్లలంతా అటు పోయారు. అది నడవలో ఆగిపోయింది. కుర్చీ వీపు పట్టుకుని, ఎటూ కదలకుండా, నవ్వుతూ నిలబడింది. ఎవర్ని చూసి నవ్వుతోందో చూద్దామని నేనూ అటు తిరిగాను. అక్కడెవరూ లేరు.

… సిగ్గు కాదక్కా. నేను లైట్లు వెయ్యగానే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, నీకు గుర్తు లేదు. నువ్వప్పుడు నన్ను కొరకొరా చూస్తున్నావు.

… తెలుసు, దానికి నెలల పిల్లప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయిందని చెప్తారు మీరు. ఎవరు చెప్పారు జ్వరమని? … మీ అత్తగారు. నాకూ అత్తగారేగా, ఆవిడ సంగతి నాకు తెలియదా. ఆవిడకి ఏ జబ్బైనా జ్వరమే.

… దిష్టి పెట్టడానికి నాకేం పని. విను. నువ్వూ నేనూ ఒక తల్లి బిడ్డలం. మీ ఆయనా మా ఆయనా ఒక తల్లి బిడ్డలు. లోపమున్న జన్యువు అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి కలిస్తేనే ఈ జబ్బు వస్తుందని ఊరూరా తిరిగి చెప్పేది నువ్వు. మా ఇంట్లో కలిసింది మీ ఇంట్లో కలవకూడదని ఏమైనా రాసిచ్చారా. … అందరికీ రక్తపరీక్షలు చేయించుకోమంటావు, ఎనిమిదేళ్ళొచ్చాయి, నీ పిల్లకి చేయించావా?

… అరవకు. … అరుచుకో, ఫర్వాలేదు. నేనూ అరిచాను. పెద్దోడికి మొదటిసారి చెప్పినప్పుడు డాక్టర్నే తిట్టాను.

… ఏంటి, ఇప్పుడా? … వద్దక్కా. అలా చెయ్యకు. … నాకు నిరూపించక్కర్లేదు. ఆ చీకటి స్టోర్‌రూమ్‌లోకి ఎందుకు పిల్లని… అక్కా, ఫోన్ స్పీకర్‌లో పెట్టకు. చెవి మిషన్ ఉందిగా, దానికి వినబడుతుంది. … చేయించాల్సింది పరీక్ష, ఇది కాదు. తలుపు వెయ్యకు. అక్కా.

…

అక్కా?

…

బుజ్జీ, పిన్నిని. ఏం లేదమ్మా, అమ్మ ఆడుకుంటోంది. అక్కడే నిలబడు, కదలకు.

… గోడవైపా వెళ్ళింది? … దానికి ఎదురుగానేగా నువ్వు చేతులు చాపింది. … సరే. సరే, చాలు. లైటు వెయ్యి. పిల్ల భయపడుతోంది, లైటు వెయ్యి ముందు.

… వేశావా. … ఊఁ.

… ఏడువు. నేనున్నా, పెట్టెయ్యను.

… కాదు. నీ తప్పేం కాదు. నిన్నంతా నిన్ను తిట్టుకున్నాను, ఇప్పుడు కూడా తిట్టాలనే ఎత్తాను ఫోను. ఆ తిట్లు ఎక్కడికీ పోవు, ఇంకో రోజు తీరిగ్గా తిడతా. ఇప్పుడు విను. పొద్దున ఆ డాక్టరు ఇంకో మాట అన్నాడు. వాళ్ళకి చిన్నపిల్లలు కావాలట. చూపు చాలావరకు ఉన్నవాళ్ళు. ఎంతమందికి చెప్పినా పెద్దవాళ్ళయ్యాకే తీసుకొస్తున్నారట. … ఆ. ఎనిమిదేళ్ళంటే చిన్నదే. దానికి పగలు బాగానే కనబడుతోందిగా, అదే మనకి కావాల్సింది.

… పెద్దోడు ఏమంటాడా? వాడు ఏమీ అనడు. అంటే నన్ను అంటాడు, ఇంతసేపు ఎందుకు ఆగావని.

… చెప్తాను. సారీ చెప్పాలంటే సారీ కూడా చెప్తాను ఆ డాక్టరుకి. గట్టిగా, మైకులో చెప్తాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా. … అవును, నేనే. నిన్న లైట్లు వేసినదాన్నే.

… రేపు పొద్దున వస్తా. ఇద్దరం తీసుకెళ్దాం. … బావగారికి నేను చెప్తాలే.

బుజ్జేది? … అక్కడే కూర్చుందా నేలమీద. … ఒక చేత్తో పట్టుకోవడమేంటక్కా. నాతో తర్వాత మాట్లాడొచ్చు. ఫోను పెట్టేసి రెండు చేతులతో ఎత్తుకో దాన్ని.